నడి ఏట్లో ఆగిన పడవ

గోదావరి మధ్యలో ఒక లంక ఊరు ఉందనుకుందాం.

చుట్టూ నీళ్ళు. మధ్యలో ఊరు. లంక నేల మంచి నేల. వంకాయ, బెండకాయ, దొండకాయ బాగా కాస్తాయి. అరటి గెలలు బరువుకు వంగిపోతాయి. కానీ పండితే చాలదు కదా. అమ్ముకోవాలి. అమ్ముకోవాలంటే ఏరు దాటాలి. సంత రేవు ఎనిమిది కిలోమీటర్లు దిగువన ఉంది.

ఆ ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళు పొదుపు సంఘం పెట్టుకున్నారు. బ్యాంకులో అప్పు తీసుకుని ఒక చిన్న పడవ కొన్నారు. అది బ్యాటరీ పడవ. డీజిలు అక్కర లేదు. పొగ లేదు. మోత లేదు. రాత్రి రేవు పక్క పాకలో కరెంటు పెడతారు. తెల్లారేసరికి బ్యాటరీ నిండుతుంది.

సంఘం లెక్కలు రాసే ఆమెను ఊరంతా 'లెక్కల వదిన' అంటారు. ఒకప్పుడు ఆమెకు వేలిముద్ర తప్ప వేరే తెలియదు. రాత్రి బడికి పోయి అక్షరాలు, అంకెలు నేర్చుకుంది. ఇప్పుడు సంఘం పుస్తకం ఆమె చేతిలోనే ఉంది. పడవ నడిపేది ఆమె మరిది.

ఒక బుధవారం సంతకు పోయారు. పొద్దున మరిది పడవను జోరుగా నడిపాడు. నలభై నిమిషాల్లో రేవు చేరారు. సరుకు మంచి ధరకు పోయింది. అందరికీ సంతోషం.

సాయంత్రం తిరిగి బయల్దేరారు. పడవలో ఆరుగురు ఆడవాళ్ళు, ఖాళీ గంపలు. మరిది మళ్ళీ జోరు పెంచాడు. ఈసారి ఏటికి ఎదురు పోవాలి. ఇరవై ఐదు నిమిషాలు గడిచాయి. మోటారు గొంతు తగ్గింది. పడవ నెమ్మదించింది. తర్వాత మోటారు ఆగిపోయింది.

కానీ పడవ ఆగలేదు. వెనక్కి పోవడం మొదలుపెట్టింది!

"లంగరు వెయ్యి!" అని మామ్మ అరిచింది. మరిది లంగరు వేశాడు. పడవ నిలబడింది. పొద్దు గూకుతోంది. ఇంటి దగ్గర ఒకామె చంటిపిల్ల పాల కోసం ఏడుస్తూ ఉంటుంది. ఫోను చేస్తే చేపల వాళ్ళ పడవ ఒకటి వచ్చింది. తాడు కట్టి లాక్కుపోయింది. ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది.

జనరేటరు కొందామా?

మర్నాడు సంఘం కూర్చుంది.

మరిది అన్నాడు: "వదినా, దీనికి మందు ఒకటే. చిన్న జనరేటరు కొందాం. పెట్రోలు పోసి పడవలోనే పెట్టుకుందాం. పడవ నడుస్తూ ఉంటుంది, బ్యాటరీ నిండుతూ ఉంటుంది. ఎంత దూరమైనా పోవచ్చు."

"ఎంతవుతుంది?" అని అడిగింది లెక్కల వదిన.

"నలభై వేలు."

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పడవ అప్పే ఇంకా తీరలేదు.

మామ్మ అంది: "కొనడం తర్వాత చూద్దాం. షామియానా కొట్లో అద్దెకు ఇస్తారు కదా. ఒక రోజు తెచ్చి చూడండి."

ఆ మాట అందరికీ నచ్చింది. తర్వాతి సంత రోజుకు జనరేటరు తెచ్చారు. పడవ మధ్యలో పెట్టారు. తాడు లాగితే డబడబమని మొదలైంది. బ్యాటరీ చార్జరు తీగ దానికి తగిలించారు.

కొంత దూరం పోయాక వాన పట్టింది. సరుకు తడుస్తుందని టార్పాలిన్ పట్టాలు రెండు పక్కలా దించారు. అందరూ లోపల సర్దుకుని కూర్చున్నారు. మామ్మ జనరేటరు పక్కనే కూర్చుంది.

పావుగంట గడిచింది. "అమ్మాయ్, తల పగిలిపోతోందే" అంది మామ్మ. ఇంకొకామెకు కళ్ళు తిరిగాయి. మరొకామెకు వాంతి వచ్చినట్టయింది.

"పడవ ఊగుతోంది కదా, అందుకే" అన్నాడు మరిది.

లెక్కల వదినకు అనుమానం వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచీ పడవ మీద తిరిగిన మనిషి మామ్మ. ఆమెకు పడవ పడకపోవడం ఏమిటి? అదీ ముగ్గురికి ఒకేసారి?

"ముందు ఆ మిషను ఆపు! పట్టాలు ఎత్తండి!" అని గట్టిగా అంది.

జనరేటరు ఆపారు. పట్టాలు ఎత్తారు. చల్లగాలి లోపలికి వచ్చింది. దగ్గరి ఒడ్డుకు పడవ చేర్చారు. మామ్మను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరమ్మ ఆమెకు ముక్కు దగ్గర ఆక్సిజన్ పెట్టింది. సాయంత్రానికి మామ్మ తేరుకుంది.

డాక్టరమ్మ అంది: "ఇంకొంచెం సేపు అలాగే కూర్చుంటే నిద్రలోకి జారుకునేది. ఆ నిద్ర నుంచి లేచేది కాదు."

కనబడని విషం

ఆ పడవలో ఏం జరిగింది?

పెట్రోలు, డీజిలు, కట్టెలు, బొగ్గులు కాలినప్పుడు ఒక విషవాయువు పుడుతుంది. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు. వాసన లేదు. పొగ వాసన వస్తే మనం ముక్కు మూసుకుంటాం. ఇది వచ్చిందని మనకు తెలియనే తెలియదు.

మన రక్తం గాలిలోని ఆక్సిజన్‌ను ఒళ్ళంతా మోసుకుపోతుంది. ఈ వాయువు లోపలికి పోతే రక్తం దీన్నే పట్టుకుంటుంది. ఆక్సిజన్‌కు చోటు ఉండదు. మెదడుకు, గుండెకు ఆక్సిజన్ అందదు. ముందు తలనొప్పి వస్తుంది. తర్వాత కళ్ళు తిరుగుతాయి. వాంతి వస్తుంది. కాళ్ళు చేతులు లాగేసినట్టు అవుతాయి. తర్వాత స్పృహ పోతుంది. ప్రాణం పోతుంది.

కడుపుతో ఉన్న వాళ్ళకు, కడుపులోని బిడ్డకు, చంటిపిల్లలకు, ముసలివాళ్ళకు ఇది మరీ ప్రమాదం.

ఇది పడవలోనే కాదు. చలికాలంలో కొందరు గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసుకుంటారు. బాలింత గదిలో కూడా కుంపటి పెట్టి కిటికీలు మూసే అలవాటు ఉంది. అక్కడ పుట్టేదీ ఈ విషమే. గదిలో జనరేటరు పెట్టి పడుకున్న వాళ్ళు తెల్లారి లేవని సంగతులు పేపర్లో చూస్తూనే ఉంటాం.

పడవలో చుట్టూ గాలే కదా అని అనుకోకూడదు. పైన కప్పు, పక్కన పట్టాలు ఉంటే పడవ కూడా గది లాంటిదే. పట్టాలు లేకపోయినా, వెనక నుంచి గాలి వీస్తే పొగ మనుషుల మీదికే వస్తుంది.

పడవలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే ఏం చేయాలి?

జనరేటరు వెంటనే ఆపాలి. పట్టాలు ఎత్తాలి. మనుషులను గాలిలోకి తేవాలి. ఒడ్డు చేరాలి. 108కి ఫోను చేయాలి. కాసేపటికి బాగున్నా సరే, డాక్టరుకు చూపించాలి.

ఒక యూనిట్ అంటే ఎంత?

ఆ రాత్రి లెక్కల వదినకు నిద్ర పట్టలేదు. జనరేటరు పొగ సంగతి తెలిసింది. పొగ బయటికి పోయేలా పెట్టుకుంటే? అప్పుడైనా నలభై వేలు పెట్టి కొనడం మంచిదేనా? పలక తీసుకుని కూర్చుంది. మనమూ ఆమెతో కలిసి లెక్క చేద్దాం.

కరెంటు బిల్లు చూశారా? అందులో 'యూనిట్లు' అని ఉంటుంది. వంద వాట్ల బల్బు పది గంటలు వెలిగితే ఒక యూనిట్. పడవ బ్యాటరీని కూడా యూనిట్లలోనే కొలవచ్చు.

బ్యాటరీ ఒక బిందె అనుకోండి. కరెంటు అందులో నీళ్ళు. ఈ పడవ బ్యాటరీలో ఐదు యూనిట్లు పడతాయి. కానీ బిందె అడుగంటా వంచకూడదు. అలా చేస్తే బ్యాటరీ త్వరగా చెడిపోతుంది. ఒక యూనిట్ ఎప్పుడూ ఆపదకు ఉంచుకోవాలి. అంటే మనం వాడుకునేది నాలుగు యూనిట్లు. ఇది లిథియం బ్యాటరీ లెక్క. పాత రకం సీసం బ్యాటరీ అయితే సగం దాకా వాడితేనే అది ఎక్కువ కాలం వస్తుంది.

ఇప్పుడు మోటారు సంగతి. పడవ జోరుగా, గంటకు పది కిలోమీటర్లు పోతే మోటారు గంటకు నాలుగున్నర యూనిట్లు తాగుతుంది. నెమ్మదిగా, గంటకు ఆరు కిలోమీటర్లు పోతే గంటకు ఒక్క యూనిట్ తాగుతుంది.

జోరు రెండింతలు కూడా పెరగలేదు. ఖర్చు మాత్రం నాలుగున్నర రెట్లు అయింది! ఎందుకు?

మోకాలి లోతు నీళ్ళలో నడిచి చూడండి. నెమ్మదిగా నడిస్తే తేలిక. పరుగెత్తబోతే నీళ్ళు కాళ్ళకు అడ్డం పడతాయి. నాలుగు అడుగులకే ఆయాసం వస్తుంది. పడవకూ అంతే. జోరు పెరిగిన కొద్దీ నీళ్ళు మరింత గట్టిగా అడ్డుకుంటాయి. జోరు రెండింతలు చేస్తే ఖర్చు దాదాపు ఎనిమిది రెట్లు అవుతుంది.

ఆ రోజు ఏం జరిగింది?

గోదావరి ప్రవాహం గంటకు రెండు కిలోమీటర్లు అనుకుందాం. దిగువకు పోయేటప్పుడు ఏరు మనల్ని తోస్తుంది. ఎగువకు వచ్చేటప్పుడు వెనక్కి లాగుతుంది.

జోరుగా పోతే:

దిగువకు 10కి 2 కలిపితే గంటకు 12 కిలోమీటర్లు. ఎనిమిది కిలోమీటర్లకు 40 నిమిషాలు. ఖర్చు 3 యూనిట్లు.

ఎగువకు 10లో 2 తీసేస్తే గంటకు 8 కిలోమీటర్లు. ఒక గంట పడుతుంది. ఖర్చు నాలుగున్నర యూనిట్లు.

మొత్తం ఏడున్నర యూనిట్లు. మన దగ్గర ఉన్నవి నాలుగే. ఆపదకు దాచిన ఒక యూనిట్ కూడా మరిది వాడేశాడు. అయినా సగం దారిలోనే పడవ ఆగింది.

నెమ్మదిగా పోతే:

దిగువకు 6కి 2 కలిపితే గంటకు 8 కిలోమీటర్లు. ఒక గంట. ఖర్చు 1 యూనిట్.

ఎగువకు 6లో 2 తీసేస్తే గంటకు 4 కిలోమీటర్లు. రెండు గంటలు. ఖర్చు 2 యూనిట్లు.

మొత్తం మూడు యూనిట్లు. నాలుగులో ఇంకా ఒకటి మిగులుతుంది. ఆపద యూనిట్ అలాగే ఉంటుంది.

అదే పడవ. అదే బ్యాటరీ. నెమ్మదిగా పోతే జనరేటరు లేకుండానే పోయి రావచ్చు!

జనరేటరు ఉంటే?

"సరే. జనరేటరు పెట్టుకుని జోరుగా పోతేనో?" లెక్కల వదిన ఆ లెక్క కూడా వేసింది.

ఆమె అద్దె జనరేటరు మీద అంటించిన రేకు చూసి అంకెలు రాసుకుంది. చార్జరు మీద అంకెలు కూడా రాసుకుంది. ఆ చార్జరు బ్యాటరీలోకి గంటకు సుమారు 1.2 యూనిట్లు పంపగలదు. అంటే ఒక యూనిట్, దాని మీద ఇంకొంచెం.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. జనరేటరు ఎంత పెద్దదైనా సరే, చార్జరు ఎంత పట్టగలదో అంతే బ్యాటరీకి చేరుతుంది. బోరు ఎంత పెద్దదైనా, గొట్టం సన్నదైతే నీళ్ళు సన్నగానే వస్తాయి కదా. చార్జరు చూడకుండా పెద్ద జనరేటరు కొంటే డబ్బు దండుగ.

జోరుగా పోయి రావడానికి గంటా నలభై నిమిషాలు పడుతుంది. దారి పొడుగునా జనరేటరు ఆడినా వచ్చేది రెండు యూనిట్లు. బ్యాటరీలో నాలుగు, ఈ రెండు కలిపి ఆరు. కావలసినవి ఏడున్నర. ఆపద యూనిట్ కూడా వాడితే ఏడు. ఇంకా అర యూనిట్ తక్కువే!

నలభై వేలు పెట్టి కొన్నా, జోరు తగ్గించకపోతే పడవ మళ్ళీ ఏట్లోనే ఆగుతుంది.

మరి జనరేటరు పనికిరాదా? పనికొస్తుంది. పడవ నెమ్మదిగా పోతే మోటారు గంటకు ఒక యూనిట్ తాగుతుంది. జనరేటరు 1.2 యూనిట్లు ఇస్తుంది. అంటే పెట్రోలు ఉన్నంతసేపు బ్యాటరీ తగ్గదు. ఐదు లీటర్ల పెట్రోలుతో సుమారు ఐదు గంటలు పోవచ్చు. తర్వాత బ్యాటరీతో ఇంకో నాలుగు గంటలు. దూరం రెండింతల కంటే ఎక్కువే పెరుగుతుంది.

జనరేటరు చేతికర్ర లాంటిది. కర్ర పట్టుకుని ఎక్కువ దూరం నడవచ్చు. కర్ర ఉంది కదా అని పరుగెత్తలేం.

పెట్రోలు కరెంటు ఎంత ఖరీదు?

చిన్న జనరేటరు గంటకు సుమారు లీటరు పెట్రోలు తాగుతుంది. లీటరు 110 రూపాయలు అనుకుందాం. ఆ గంటలో బ్యాటరీకి చేరేది 1.2 యూనిట్లు. అంటే ఒక్కో యూనిట్ సుమారు 90 రూపాయలు.

రేవు దగ్గర మీటరు కరెంటు యూనిట్ 10 రూపాయలు అనుకుందాం.

సంతకు పోయి రావడానికి మూడు యూనిట్లు. కరెంటుతో అయితే 30 రూపాయలు. జనరేటరుతో అయితే రెండున్నర లీటర్ల పెట్రోలు, 275 రూపాయలు. ఒక్క సంతకే 245 రూపాయలు తేడా. రోజూ జనరేటరు మీదే నడిపితే బ్యాటరీ పడవ కొన్న లాభం పెట్రోలు బంకులో పోసినట్టే.

కేరళలో ఎలా చేస్తున్నారు?

కేరళలో కూడా చాలా మంది నీళ్ళ మధ్య ఊళ్ళలో ఉంటారు. బడికి, ఆసుపత్రికి, పనికి పడవ ఎక్కాలి. అక్కడ 2017 జనవరి 12న 'ఆదిత్య' అనే పడవ మొదలైంది. వైకం నుంచి తవణక్కడవుకు సరస్సు దాటిస్తుంది. 75 మంది ఎక్కవచ్చు. పైకప్పు మీద సోలార్ పలకలు ఉన్నాయి. ఎండ వాటి మీద పడితే కరెంటు పుడుతుంది. బ్యాటరీ కూడా ఉంది.

కొచ్చి నగరంలో 2023 ఏప్రిల్ 25న 'వాటర్ మెట్రో' మొదలైంది. అందులో వంద మంది ఎక్కే బ్యాటరీ పడవలు నడుస్తున్నాయి. వాటిని కొచ్చిన్ షిప్‌యార్డులో కట్టారు. ఆ పడవల్లో జనరేటరు కూడా ఉంది. కానీ అది అండగా ఉండేది. అవసరానికి వాడేది. అసలు బలం బ్యాటరీదే. రేవులో పడవ ఆగినప్పుడు చార్జింగ్ పెడతారు. పది, పదిహేను నిమిషాల్లో బ్యాటరీ నింపగలరు. పడవ జోరు బ్యాటరీ మీద గంటకు సుమారు 15 కిలోమీటర్లు.

కొచ్చి ఎర్నాకుళం జిల్లాలో ఉంది. మన దేశంలో అందరూ చదువు నేర్చిన మొదటి జిల్లాగా 1990లో ప్రకటించినది ఆ ఎర్నాకుళమే.

లెక్కల వదిన కూతురు ఈ పడవల బొమ్మలు ఫోనులో చూపించింది. వదిన వాటిని చాలాసేపు చూసింది. "జనరేటరు కాదే. రేవును చూడు" అంది. "రెండు వైపులా చార్జింగ్ ఉంది. మన పడవకు ఒక్క వైపే ఉంది. మనకు కొరత అక్కడ!"

సంఘం ఏం తేల్చింది?

మర్నాడు సంఘం మళ్ళీ కూర్చుంది. లెక్కల వదిన పలక మీద అంకెలు అందరికీ చూపించింది. చదువు వచ్చిన వాళ్ళు చదివారు. రాని వాళ్ళకు పక్కవాళ్ళు చెప్పారు.

మరిది కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నెమ్మదిగా పోతే పొద్దున ఇరవై నిమిషాలు ఆలస్యం. వచ్చేటప్పుడు గంట ఆలస్యం. పొద్దున ముందు చేరిన వాళ్ళకే కదా వదినా ధర?"

ఆ మాట నిజమే. ఆడవాళ్ళకు కాలం కూడా డబ్బే. ఇంకా ముందు లేవాలంటే వంట ఎప్పుడు చేయాలి? పిల్లలను ఎప్పుడు లేపాలి?

అప్పుడు లెక్కల వదిన అంది: "సంతలో మనం మూడు గంటలు ఉంటాం. ఆ మూడు గంటలూ పడవ ఊరికే ఉంటుంది. రేవు దగ్గర టీ కొట్టు అక్కను అడుగుదాం. చిన్న మీటరు పెట్టుకుని చార్జింగ్ పెట్టుకుంటాం. యూనిట్‌కు ఇంత అని ఇద్దాం."

లెక్క చూడండి. పొద్దున జోరుగా పోతే 3 యూనిట్లు ఖర్చు. రేవులో మూడు గంటలు చార్జింగ్ పెడితే ఆ మూడూ తిరిగి వస్తాయి. వచ్చేటప్పుడు నెమ్మదిగా వస్తే 2 యూనిట్లు. ఇల్లు చేరేసరికి ఇంకా రెండు మిగులుతాయి. ఆపద యూనిట్ వేరే ఉంది.

పొద్దున ధర దక్కుతుంది. సాయంత్రం భయం ఉండదు.

టీ కొట్టు అక్క ఒప్పుకుంది. "నా ప్లగ్గు కూడా నాలుగు డబ్బులు సంపాదిస్తుంది" అని నవ్వింది. ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు, ఎర్తు తీగ, షాకు కొడితే కరెంటు ఆపే స్విచ్చి పెట్టాడు.

సంఘం జనరేటరు కొనలేదు. ఆ డబ్బులో కొద్దిగా తీసి రెండు తెడ్లు, ఒక గడ, గట్టి తాడు, అందరికీ లైఫ్ జాకెట్లు కొన్నారు. లైఫ్ జాకెట్ మూల పడేస్తే లాభం లేదు. పడవ ఎక్కే ముందే తొడుక్కోవాలి. ముడి గట్టిగా వేసుకోవాలి.

ఒక కట్టుబాటు కూడా రాసుకున్నారు. ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఉన్న రోజు పడవ తీయరాదు. వరదలో ప్రవాహం పెరిగితే ఈ లెక్కలన్నీ తప్పుతాయి.

ఆ కాగితం కింద పదిమందీ సంతకాలు చేశారు. మరిది కూడా చేశాడు.

జనరేటరు వాడక తప్పకపోతే

దూరం పోవాల్సి వచ్చి ఎప్పుడైనా అద్దెకు తెచ్చుకుంటే ఈ సంగతులు మరువకండి.

1. జనరేటరు గాలి ఆడే చోట, పడవ వెనక వైపు పెట్టాలి. పొగ గొట్టం బయటికి ఉండాలి. కప్పు కింద, పట్టాల మధ్య పెట్టరాదు.

2. వాన వచ్చి పట్టాలు దించాల్సి వస్తే ముందు జనరేటరు ఆపాలి.

3. జనరేటరు దగ్గర చంటిపిల్లలను, కడుపుతో ఉన్న వాళ్ళను కూర్చోబెట్టరాదు. ఎవరూ నిద్రపోరాదు.

4. పెట్రోలు ఒడ్డున పోయాలి. ఆడుతున్న జనరేటరులో, వేడిగా ఉన్న జనరేటరులో పోయరాదు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. అది పడవ అడుగున చేరుతుంది. చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. బీడీ, చుట్ట, లాంతరు దగ్గరికి రానివ్వరాదు.

5. పెట్రోలు మూత గట్టిగా ఉన్న డబ్బాలోనే ఉంచాలి. నీళ్ళ సీసాల్లో పోయరాదు.

6. తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోరాదు. చార్జరు తడవని పెట్టెలో ఉండాలి. తీగ నీళ్ళలో పడరాదు. అతుకుల తీగ వాడరాదు.

7. జనరేటరు బరువు ఇరవై కిలోల పైనే ఉంటుంది. కదలకుండా కట్టాలి. ఒక పక్కకు పెడితే పడవ ఒరుగుతుంది.

8. పడవ నడుస్తుండగా చార్జింగ్ పెట్టవచ్చా లేదా అని బ్యాటరీ అమ్మిన వాళ్ళను ముందే అడగాలి.

చెప్పండి

1. మామ్మకు తలనొప్పి ఎందుకు వచ్చింది?

2. లెక్కల వదినకు ఎందుకు అనుమానం వచ్చింది?

3. జనరేటరు పెద్దదైతే బ్యాటరీ త్వరగా నిండుతుందా? ఎందుకు?

4. మీ ఇంట్లో, మీ ఊళ్ళో కుంపటి ఎక్కడ పెడుతున్నారు? తలుపులు తీసి ఉంటున్నాయా?

లెక్క చేయండి

1. చెరువులో ప్రవాహం లేదు. పడవ గంటకు 6 కిలోమీటర్లు పోతుంది. గంటకు 1 యూనిట్ ఖర్చు. 18 కిలోమీటర్లు పోవాలి. ఎన్ని గంటలు పడుతుంది? ఎన్ని యూనిట్లు కావాలి? నాలుగులో ఎన్ని మిగులుతాయి?

2. జనరేటరులో 4 లీటర్ల పెట్రోలు పోశారు. లీటరు 110 రూపాయలు. మొత్తం ఎంత? అదే కరెంటు, 4.8 యూనిట్లు, మీటరు మీద యూనిట్ 10 రూపాయల చొప్పున ఎంత? తేడా ఎంత?

కలిసి చేయండి

మీ ఇంటి కరెంటు బిల్లు తీసుకుని రండి. అందులో యూనిట్లు ఎక్కడ ఉన్నాయో వేలు పెట్టి చూపండి. పోయిన నెలకూ ఈ నెలకూ తేడా పలక మీద రాయండి.